టమాటా మొక్క సి విటమిన్‌ను ఎవరి కోసం తయారుచేసుకుంటుంది?

(కర్నూలులో విద్యార్థులు, ఉపాధ్యాయులు, కూరగాయల రైతులు కలిసిన సభలో ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

కర్నూలులో టమాటా మీద ప్రసంగం అంటే ధర గురించేనని అనుకుని వచ్చినవారు కొందరు ఉంటారు. పత్తికొండ మార్కెట్‌లో ధర పడిపోయి, కోత కూలి కూడా రాక కాయలను రోడ్డు పక్కన పారబోసిన రోజులు చూసినవాళ్లం. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటితే కాయలు లెక్కపెట్టి కూరలో వేసుకున్నవాళ్లమూ మనమే. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. ఈ రోజు నేను మొక్క లోపలి సంగతి మాట్లాడతాను.

టమాటాలో సి విటమిన్ ఉంటుందని బడి పిల్లలు కూడా చెబుతారు. అది మొక్కలో ఎక్కడ తయారవుతుంది, ఏ భాగంలో ఎంత ఉంటుంది, అసలు మొక్కకు దానితో ఏం పని అని అడిగితే డిగ్రీ చదివినవాళ్లు కూడా తడుముకుంటారు. తప్పు వాళ్లది కాదు. విటమిన్ల పాఠంలో దానిని పండు పక్కన రాసి వదిలేస్తాం, మొక్కల పాఠంలో దాని పేరే ఎత్తం. నిజానికి వేరు కొన నుంచి పువ్వు దాకా టమాటా మొక్కలోని ప్రతి జీవకణానికీ సి విటమిన్ అవసరం. ఏ భాగం చేసే పనిని బట్టి ఆ భాగం దానిని తయారుచేసుకుంటుంది, వాడుకుంటుంది, పోగొట్టుకుంటుంది. మన నోటికి వచ్చే పండు ఆ భాగాలన్నింటిలో ఒకటి మాత్రమే.

ముందుగా ఈ బల్ల మీద ఉన్నవి చూడండి. నాలుగు గాజు గ్లాసుల్లో బాగా పలుచన చేసిన గంజినీళ్లు ఉన్నాయి. మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్ ఒక్కో చుక్క వేస్తున్నాను. నాలుగూ నల్లటి నీలంగా మారాయి. సి విటమిన్ తగిలితే అయోడిన్ తన రూపం మార్చుకుంటుంది, నీలం పోతుంది. ఇక్కడ చిన్న గిన్నెల్లో పండు రసం, లేత ఆకుల రసం, వేళ్ల రసం ఉన్నాయి. మూడూ ఒకే మొక్కవి, ఒకే బరువు తూచి, అంతే కొలత వెనిగర్‌తో నూరి వడగట్టినవి. నాలుగో గ్లాసులో ఉత్త వెనిగర్ నీళ్లే వేస్తాం.

అమ్మా, ముందు వరుసలో ఉన్న మీరు వచ్చి చుక్కలు వేయండి. ఒక్కో చుక్క వేశాక గ్లాసు కదపండి. పండు రసం పడుతుంటే నీలం ముందు వంగపండు రంగుకు తిరిగింది, తరవాత పలచబడింది, ఇప్పుడు పోయింది. ఆకు రసానికి అన్ని చుక్కలు అక్కరలేకపోయింది. వేరు రసం అన్నే చుక్కలు పడినా నీలం అలాగే ఉంది. వెనిగర్ నీళ్లు వేసిన గ్లాసులో మార్పు లేదు.

దీనిని కొలతగా తీసుకోకండి. ఆకు రసంలో అయోడిన్‌తో కలిసే ఇతర పదార్థాలు కూడా ఉంటాయి. ప్రయోగశాలలో ఆకును తెంపిన క్షణమే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, ఆమ్లంలో నూరి కొలుస్తారు. అలా ఎందుకంటే, ఆకు నలిగిన వెంటనే కణాల గోడల్లో ఉండే ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ విటమిన్‌ను ఆక్సీకరణం చేయడం మొదలుపెడుతుంది. మన వెనిగర్ ఆ పనిని కొంత ఆపింది. జాగ్రత్తగా చేసిన ఆ కొలతల్లోనూ వరుస ఇదే. బరువుకు బరువు చూస్తే టమాటా ఆకులో పండులో కంటే కొన్ని రెట్లు ఎక్కువ సి విటమిన్ ఉంటుంది, వేరులో చాలా తక్కువ. పండిన టమాటాలో 100 గ్రాములకు సుమారు 14 మిల్లీగ్రాములు.

ఆకుకు అంత ఎందుకు? కర్నూలు ఎండ తెలిసినవారికి ఈ సంగతి వివరించడం తేలిక. ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టేంత ఎండ మనది. మధ్యాహ్నం ఆకు మీద పడే వెలుగులో కొంత భాగాన్నే అది కిరణజన్య సంయోగక్రియకు వాడుకోగలదు. నీరు చాలక పత్ర రంధ్రాలు మూసుకుంటే ఆ భాగం ఇంకా తగ్గుతుంది. వాడుకోలేని శక్తి ఊరుకోదు. ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ మీదికి వెళ్తాయి, దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. హరితరేణువు లోపల అది పేరుకుంటే చక్కెర తయారుచేసే ఎంజైములే ముందు దెబ్బతింటాయి. అక్కడ ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ సి విటమిన్‌ను ఖర్చుపెట్టి పెరాక్సైడ్‌ను నీరుగా మారుస్తుంది. ఇది పగలంతా ఆగకుండా జరిగే పని.

ఖర్చయిన విటమిన్‌ను మొక్క అంత సులభంగా వదులుకోదు. సగం ఖర్చయిన రూపాన్ని ఒక ఎంజైమ్, పూర్తిగా ఖర్చయిన రూపాన్ని గ్లూటాథయోన్ అనే కణంలోని మరో పదార్థం సాయంతో ఇంకో ఎంజైమ్ తిరిగి మంచి విటమిన్‌గా మారుస్తాయి. ఈ చక్రాన్ని 1976లో హాలివెల్, ఫోయర్ హరితరేణువులకు ప్రతిపాదించారు. జపాన్‌కు చెందిన అసాడా పెరాక్సిడేజ్ పనిని విడమరచి చూపించాడు. అందుకే వారి ముగ్గురి పేర్లనూ దానికి పెట్టారు. పూర్తిగా ఆక్సీకరణం చెందిన రూపాన్ని వెంటనే పట్టుకోకపోతే అది విరిగిపోతుంది, ఇక తిరిగి రాదు. విరిగిన ముక్కల నుంచి ఆక్సాలిక్ ఆమ్లం, థ్రియోనిక్ ఆమ్లం లాంటివి వస్తాయి. కాబట్టి ఒక ఆకులో ఎంత సి విటమిన్ ఉందనేది మూడు పనుల మీద ఆధారపడుతుంది: కొత్తగా ఎంత తయారైంది, వాడినదాంట్లో ఎంత తిరిగి దక్కింది, ఎంత విరిగిపోయింది. ఒక్క తయారీనే చూసి లెక్కవేసినవారు మోసపోతారు.

ఆకులో ఇంకో పని కూడా ఉంది. ఎండ ఎక్కువైనప్పుడు హరితరేణువులోని ఒక పసుపు వర్ణకం ఇంకో రూపానికి మారి, మిగులు వెలుగును వేడిగా బయటికి పంపేస్తుంది. ఆ మార్పు చేసే ఎంజైముకు సి విటమిన్ లేనిదే పని జరగదు. ఇంతా చేసి, హరితరేణువు తనకు కావలసిన సి విటమిన్‌ను తాను తయారుచేసుకోలేదు. తయారీలో చివరి మెట్టు మైటోకాండ్రియా లోపలి పొర మీద జరుగుతుంది. అక్కడి నుంచి హరితరేణువుకు చేరాలి. విద్యార్థులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. పాఠంలో మైటోకాండ్రియా ఒక అధ్యాయం, హరితరేణువు ఇంకో అధ్యాయం. మొక్కలో ఒకటి తయారుచేసిన దానితోనే మరొకటి ఎండను తట్టుకుంటోంది.

ఇక తయారీ దారి. హంగరీ శాస్త్రవేత్త సెంట్‌జార్జి ఈ పదార్థాన్ని వేరుచేసింది 1928లో. అదే సి విటమిన్ అని తేలింది 1932లో. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది 1937లో. మొక్క దానిని ఎలా తయారుచేస్తుందో మాత్రం 1998 దాకా సరిగ్గా తెలియలేదు. ఆ ఏడాది ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో వీలర్, జోన్స్, స్మిర్నాఫ్ ఆ దారిని బయటపెట్టారు. గ్లూకోజ్ నుంచి బయలుదేరి మానోజ్, అక్కడి నుంచి ఎల్-గాలక్టోజ్, అక్కడి నుంచి గాలక్టోనోలాక్టోన్, చివరకు ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే సి విటమిన్. మధ్యలో మెట్లు చాలా ఉన్నాయి, ఎంజైముల పేర్లు పొడుగైనవి. పరీక్షకు చదివేవారు పుస్తకంలో చూసుకోండి. వాటిలో ఒక్కదాన్ని మాత్రం ఇక్కడ చెప్పాలి.

మన కె.సి. కాలువలో నీరు ఎంత పారుతున్నా, పొలానికి ఎంత వస్తుందో తేల్చేది తూము. ఈ దారిలో తూము లాంటి ఎంజైమ్ ఒకటుంది, దానిని జి.జి.పి. అంటారు. వెలుగు తగిలితే దాని తయారీ పెరుగుతుంది. కణంలో సి విటమిన్ చాలినంత చేరగానే, ఆ ఎంజైమ్ తయారీ సమాచారం మోసే ఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉన్న ఒక చిన్న భాగం అడ్డుపడి తయారీని తగ్గిస్తుంది. అంటే తెరిచేది ఎండ, మూసేది నిండిన కణం. ఆ మొక్క తన సొంత లెక్క ప్రకారం ఆగుతుంది, మనకు ఎక్కువ కావాలన్నది దాని లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి. తూముకు ఒక మెట్టు ముందు తయారయ్యే పదార్థం సి విటమిన్‌కే కాదు, కణాల గోడలకూ కావాలి. గోడలో పెక్టిన్ అనే జిగురు లాంటి పదార్థం ఉంటుంది, దానిలో ఒక రకంలో ఎల్-గాలక్టోజ్ ఉంటుంది. బోరాన్ పట్టి కలిపేది ఆ పెక్టిన్‌నే. టమాటాలో ఆ మెట్టును బలహీనపరిచి చూసినప్పుడు సి విటమిన్ తగ్గడంతో పాటు మొక్క ఎదుగుదల కూడా దెబ్బతింది. బోరాన్ లోపంతో కాయలు పగలడం మన రైతులు చూసేదే. విటమిన్ దారికి, బోరాన్ పనిచేసే గోడకు ముడిసరుకు ఒకే చోటి నుంచి వస్తోందన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం.

ఇప్పుడు పండుకు వద్దాం. ఇక్కడ చాలామందికి ఉండే ఊహ ఏమిటంటే ఆకు వండి పంపుతుంది, కాయ నిల్వ చేసుకుంటుంది అని. చక్కెర విషయంలో అది చాలా వరకు నిజం. సి విటమిన్ విషయంలో కొంతే నిజం. ఆకు నుంచి పోషక కణజాలం ద్వారా కాయకు కొంత వస్తుంది. కాయ తాను కూడా పైన చెప్పిన దారిలోనే తయారుచేసుకుంటుంది. పండేటప్పుడు మూడో దారి కూడా తెరుచుకుంటుంది. కాయ మెత్తబడడం అంటే గోడల పెక్టిన్ కరగడం. ఆ కరిగిన పెక్టిన్ నుంచి వచ్చే గాలక్ట్యురోనిక్ ఆమ్లాన్ని పండు సి విటమిన్‌గా మార్చుకోగలదు. ఈ దారిని ముందు స్ట్రాబెర్రీలో గుర్తించారు. తరవాత జపాన్‌లో మైక్రోటామ్ అనే పొట్టి టమాటా రకం మీద పనిచేసి, పండే దశలో ఆకు నుంచి వచ్చేదీ, ఈ పెక్టిన్ దారీ, మామూలు దారీ మూడూ కలుస్తాయని 2012లో చూపించారు.

మరి కాయలో ఎంత ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు? ఫ్రాన్స్‌లోని ఆవిన్యోన్‌లో దీనిని నేరుగా పరీక్షించారు. కొన్ని మొక్కల్లో ఆకులకు నీడ పెట్టారు, కొన్నింటిలో కాయలకు నీడ పెట్టారు. 2009లో ఆ ఫలితం అచ్చయింది. కాయ మీద పడే వెలుగు తగ్గితే కాయలో సి విటమిన్ తగ్గింది. ఆకుల మీద వెలుగు తగ్గినప్పుడు కాయ మీద అంత ప్రభావం లేదు. కాయకు చక్కెర చాలకపోవడమే కారణమని చెప్పడానికీ వీలులేకపోయింది. తరవాతి పనిలో ఇంకోటి తేలింది. వెలుగు మారితే ఆకులో సి విటమిన్ గట్టిగా మారుతుంది, కాయలో మార్పు అంతకంటే మెల్లగా, తక్కువగా ఉంటుంది. రెండూ కలిపి చూడండి. ఆకు తన వెలుగుకు స్పందిస్తుంది, కాయ తన వెలుగుకు స్పందిస్తుంది. ఎవరి పని వారిది.

ఒకే కాయలో కూడా తేడా ఉంటుంది. తొక్కలో, దాని కిందనే ఉన్న పొరలో ఎక్కువ, లోపలి కండలో తక్కువ. వెలుగు ముందు తగిలేది తొక్కకే. వేడినీళ్లలో వేసి తొక్క ఒలిచి పారేసే అలవాటు ఈ మధ్య పట్టణాల్లో పెరుగుతోంది. అలా చేయవద్దని నా మాట. మన ఊళ్లలో ఊరుబిండి నూరేవారు తొక్కతోనే నూరతారు, అదే సరైన పద్ధతి.

వేరు గురించి ఎక్కువ చెప్పను. వెలుగు లేదు, హరితరేణువులు లేవు, పెరాక్సైడ్ బెడద తక్కువ, విటమిన్ తక్కువ. కానీ వేరు కొనలో ఒక చిన్న చోటు ఉంది, అక్కడి కణాలు దాదాపు విభజన చెందకుండా నిలిచి ఉంటాయి. మొక్కజొన్న వేరులో చూస్తే ఆ చోట సి విటమిన్ మరీ తక్కువగా, దానిని ఆక్సీకరణం చేసే ఎంజైమ్ ఎక్కువగా కనిపించింది. విభజనకు సి విటమిన్ ఉండాలి, ఆపడానికి దానిని తగ్గించాలి. తక్కువగా ఉండడం కూడా మొక్క కావాలని చేసుకునే ఏర్పాటు కావచ్చునని అక్కడ తెలుస్తుంది.

గింజ సంగతి ఇంకా విచిత్రం. పూర్తిగా ఎండిన గింజలో పనికొచ్చే రూపంలోని సి విటమిన్ దాదాపు ఉండదు. నీరు తగిలి మొలక మొదలైతే తయారీ మొదలవుతుంది. ఎండు పెసల్లో లేని సి విటమిన్ మొలకెత్తిన పెసల్లో ఉండడానికి కారణం అదే. అది లేకుండా మొక్క బతకగలదా అని కూడా చూశారు. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో నేను చెప్పిన తూము ఎంజైమ్ రెండు జన్యువులనూ పోగొడితే, మొలక బీజదళాల దశలోనే తెల్లబారి ఆగిపోయింది. బయటి నుంచి సి విటమిన్ ఇస్తేనే మళ్లీ పెరిగింది.

మన సంగతి చూడండి. పొలం గట్టు మీద మేసే మేకలు, గొర్రెలు తమ కాలేయంలో సి విటమిన్ తయారుచేసుకుంటాయి. వాటికి నిమ్మకాయ అక్కరలేదు. మన పూర్వీకుల్లో చివరి మెట్టు ఎంజైమ్ జన్యువు ఎప్పుడో పాడైపోయింది, కోతులకూ అంతే. మనకు మొక్కలే దిక్కు. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లలో మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు కావాలి. ఒక్క టమాటాతోనే తీరాలంటే మగవారు అర కిలో పైగా, ఆడవారు దాదాపు అర కిలో పచ్చివి తినాలి. జామకాయ ఒక్కటి చాలు. అయినా టమాటా ముఖ్యమే, ఎందుకంటే జామ ఎప్పుడో తింటాం, టమాటా రోజూ తింటాం. వండితే కొంత పోతుంది. పులుపు ఉన్నందువల్ల ఆకుకూరల్లో పోయినంత పోదు. కోసి గంటల తరబడి ఉంచితే, కళాయి లేని రాగి పాత్రలో వండితే ఎక్కువ పోతుంది. మన జిల్లాలో మహిళా సంఘాలవారు సోలార్ డ్రయ్యర్లలో టమాటా ముక్కలు ఎండబెట్టి అమ్ముతున్నారు. పంట పారబోయకుండా కాపాడే మంచి పని అది. ఆ ముక్కలను రుచికి, రంగుకు కొనండి. సి విటమిన్ కోసం మాత్రం పచ్చి పండే తినాలి.

ఆకులో ఎక్కువ ఉందని చెప్పాను గనుక హెచ్చరిక కూడా నా బాధ్యతే. టమాటా ఆకు తినకూడదు. అందులో టొమాటిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, కడుపుకు చేటు.

కాయలో సి విటమిన్ పెంచిన రకాలు రావా అని సభకు ముందు ఒక రైతు అడిగారు. పెద్దాయనకు నా జవాబు ఇది. పెరూ ఎడారి వాలుల్లో పెరిగే సొలానమ్ పెన్నెల్లి అనే అడవి టమాటా ఉంది. పండినా ఆకుపచ్చగానే ఉంటుంది. దాని క్రోమోజోము ముక్కలను సాగు రకంలోకి తెచ్చిన వంగడాల్లో కొన్నింటి పండ్లలో సి విటమిన్ పెరిగింది. ఆ దారి మంచిది. ఇంకో దారిలో, తూమును మూసే ఆ చిన్న భాగాన్నే జన్యు సవరణతో పోగొట్టారు. విటమిన్ బాగా పెరిగింది, కానీ పువ్వు, పుప్పొడి దెబ్బతిని గింజ కట్టలేదు. మొక్క వేసుకున్న ఆ కట్టుబాటుకు కారణం ఉందన్నమాట. నా అభిప్రాయంలో, కాయకే పరిమితమైన మార్పు తేవాలి, మొక్కంతటినీ కదిలించకూడదు.

అంతవరకు పొలంలో చేయగలిగిందేమిటి? కర్రలు పాతి, తీగ కట్టి పెంచిన మొక్కలో కాయకు వెలుగు అందుతుంది, నేల మీద పరచుకున్న మొక్కలో చాలా కాయలు ఆకుల కింద ఉంటాయి. అలాగని ఏప్రిల్, మే నెలల్లో ఆకులు దులిపేస్తే మన ఎండకు కాయ మీద తెల్లటి మచ్చ పడుతుంది. 30 డిగ్రీలు బాగా దాటితే ఎరుపు కూడా సరిగా తిరగదు. చలికాలపు పంటలో కాయకు వెలుగు చూపించండి, వేసవి పంటలో ఆకు నీడ ఉంచండి.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను. వచ్చే నవంబరులో ఎవరి పొలంలోనైనా ఒకే మొక్క మీద, ఒకే వయసు కాయలు చూసుకోండి. నిమ్మకాయంత ఉన్నప్పుడు కొన్నింటికి కాగితం సంచి తొడగండి. సంచి లోపల నలుపు, బయట తెలుపు ఉండాలి, లేకపోతే లోపల వేడెక్కి అది వెలుగు పరీక్ష కాకుండా వేడి పరీక్ష అవుతుంది. కింద గాలి ఆడే సందు వదలండి. పక్క గుత్తిలోని కాయలకు ఏమీ తొడగవద్దు. రెండూ ఎర్రబడ్డాక ఒకే రోజు ఉదయం కోసి, సమాన బరువు తూచి, వెనిగర్‌తో నూరి, గంజి అయోడిన్‌తో చుక్కలు లెక్కపెట్టండి. చుక్కలు వేసేది ఒకరు, నీలం పోయిందని చెప్పేది ఇంకొకరు. ఆ రెండోవారికి ఏ గ్లాసులో ఏ కాయ రసం పడుతోందో ముందుగా చెప్పకండి.